కనెక్షన్ కుదిరినా ఫెచ్ దగ్గర వార్నింగ్ ఎందుకు వస్తోంది?

మీరు పెట్టిన పీహెచ్‌పీ (వెబ్‌సైట్ల కోసం రాసే భాష) కోడ్‌లో డేటాబేస్‌కి "కనెక్టెడ్" అని ప్రింట్ అవుతోంది, కానీ ఫెచ్ అసాక్ (ఫలితం నుంచి ఒక్కో వరుసను తీసే ఫంక్షన్) ఉన్న లైన్‌లో రిజల్ట్ బదులు బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్ విలువ) వచ్చిందని వార్నింగ్ పడుతోంది, అంతేకదా? ఆ లైన్‌ని పట్టుకుని నేనూ ఒక రాత్రంతా జుట్టు పీక్కున్నాను. తప్పు అక్కడ లేదు. దానికి పైనున్న క్వెరీ (డేటాబేస్‌ని డేటా అడిగే ఆదేశం) ఫెయిలై ఫాల్స్ ఇచ్చింది, మనం చూసుకోకుండా దాన్నే ఫెచ్‌కి అందించాం.

క్వెరీ కిందనే మైఎస్‌క్యూఎల్‌ఐ (పీహెచ్‌పీని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలిపే భాగం) ఎర్రర్ ఫంక్షన్‌ని ఎకో చేసి, అంటే ప్రింట్ చేసి చూడండి. నాకు సింటాక్స్ ఎర్రర్ (క్వెరీ రాసిన తీరులో తప్పు) అని, 'ఆర్డర్' అనే మాట దగ్గర అని వచ్చింది. టేబుల్‌కి ఆర్డర్ అని పేరు పెట్టాను మరి! వరుసలను క్రమంలో పెట్టే ఆర్డర్ బైలో వాడే మాట కాబట్టి అది రిజర్వ్‌డ్, అంటే డేటాబేస్ తన కోసం ఉంచుకున్న మాట. బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య పెడితే పని చేసింది. ప్రతిచోటా అవి పెట్టే ఓపిక లేక టేబుల్ పేరే మార్చేశాను.

ఇంకా మంచి పద్ధతి, కనెక్ట్ చేసే ముందే మైఎస్‌క్యూఎల్‌ఐ రిపోర్ట్‌లో ఎర్రర్, స్ట్రిక్ట్ రెండూ ఆన్ చేయడం. అప్పుడు క్వెరీ లైన్‌లోనే ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌ని ఆపేసే ఎర్రర్) వస్తుంది. పీహెచ్‌పీ 8.1 నుంచి ఇదే డిఫాల్ట్. మీకు వార్నింగ్‌తో సరిపోతోందంటే మీది 8 కంటే పాత వెర్షనే, వీలైతే అప్‌గ్రేడ్ చేయండి.

మొదటి రికార్డు మాయమవుతోందని కూడా అడిగారు. డేటా ఉందో లేదో చూడ్డానికి వరుసలన్నీ చూపించే వైల్ లూప్‌కి ముందు ఒకసారి ఫెచ్ పిలిచారు. పిలిచిన ప్రతిసారీ అది ఒక వరుస ముందుకు జరుగుతుంది, కాబట్టి లూప్ రెండో వరుస నుంచి మొదలవుతోంది. నా టెస్ట్ టేబుల్‌లో ఉన్నదే ఒక్క వరుస. స్క్రీన్ ఖాళీగా కనిపించేసరికి కనెక్షనే పోయిందనుకుని పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాను! ఉందో లేదో తెలియడానికి ఎన్ని వరుసలు వచ్చాయో చెప్పే నమ్ రోస్ చాలు.

ఫారమ్‌లో వచ్చిన పేరుని నేరుగా క్వెరీలో అతికించారు. పేరులో ఒక్క సింగిల్ కోట్ ఉన్నా క్వెరీ విరిగిపోతుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కీ (ఫారమ్ ద్వారా ఎవరైనా తమ ఆదేశాలను క్వెరీలో చొప్పించడానికి) దారి తెరిచినట్టే. అక్కడ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (క్వెరీని, అందులోకి వెళ్లే విలువను విడివిడిగా పంపే పద్ధతి) వాడండి.

అన్నట్టు, మీరు పెట్టిన కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ అందరికీ కనిపిస్తోంది. ముందు అది మార్చుకోండి.