ఫిలిప్ కె. డిక్ తెలియని కథలు: సమాధానం

విజయనగరంలో దొరికిన, అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత డిక్ పుస్తకాలన్నీ చదవడం అయిపోయింది, ఇంకేం లేవా అన్నారు కదా. బోల్డున్నాయండి. ముందు ఐఎస్‌ఎఫ్‌డీబీ (సైన్స్ ఫిక్షన్ రచనల వివరాల జాబితా) సైట్‌లో రచయిత పేరు కొట్టండి, కథలు ఏళ్లవారీగా వస్తాయి. కథ పేరు నొక్కితే ఎక్కడెక్కడ అచ్చయిందో కనిపిస్తుంది. తక్కువ చోట్ల వచ్చినవే ఏరుకోండి. కొన్నిటికి రెండో పేరు ఉంటుంది, అది చూసుకోకపోతే చదివిందే మళ్లీ దించుకుంటారు.

తర్వాత ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్, ఉచితంగా ఈ-పుస్తకాలు ఇచ్చే సైట్. అమెరికాలో 1964కి ముందు అచ్చయినవాటికి 28వ ఏట కాపీరైట్ పొడిగించుకోవాల్సి ఉండేది. అలా చేయనివి ఉచితమైపోయాయి. 'ది స్కల్' (1952), 'ది ఐస్ హావ్ ఇట్' (1953) అక్కడున్నాయి. రెండోది నాలుగైదు నిమిషాల చదువే, నవ్వు మాత్రం ఆగదు. నెట్ నెమ్మదైతే బొమ్మల్లేని ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) దించుకోండి.