ఒక్క క్రియకు ఇన్ని అర్థాలా? స్పానిష్ మాన్పించేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటోంది. 'కెదార్' అనే క్రియ దగ్గర ఆగిపోయింది. రోజూ అర్థాలన్నీ అప్పజెప్పించుకుంటున్నా గుర్తుండటం లేదు. జర్మన్‌కు మార్చమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. కెదార్ దగ్గర తడబడని విద్యార్థి ఉండరు.

'ఎల్ బాంకో కేదా సెర్కా' అంటే బ్యాంకు దగ్గర్లోనే ఉంది. 'కెదామోస్ ఆ లాస్ సింకో?' అంటే ఐదింటికి కలుద్దామా? 'మే కేదో ఎన్ కాసా' అంటే ఇంట్లోనే ఉండిపోతాను. గందరగోళంగానే ఉంటుంది. కానీ మన 'పట్టు' చూడండి. నిద్ర పట్టింది, చెమట పట్టింది, గంట పట్టింది, చొక్కా పట్టడం లేదు. ఇవన్నీ మీకెవరైనా అప్పజెప్పించుకుని నేర్పారా? పక్కమాటతో కలిపి వినీ వినీ వచ్చేశాయి.

పైగా తెలుగు పిల్లలకు ఇక్కడో సౌకర్యం ఉంది. 'మే కేదాన్ దోస్ దీయాస్' అంటే 'నాకు రెండు రోజులు మిగిలాయి'. 'తే కేదా బియెన్' అంటే 'నీకు బాగా నప్పింది'. నాకు, నీకు అని మొదలుపెట్టడం మనకు పుట్టుకతో వచ్చిందే. ఇంగ్లిష్‌లోకి మార్చుకుని చదివితేనే చిక్కు. అమ్మాయిని నేరుగా తెలుగులోంచి ఆలోచించమనండి. ఒక్కో వాడుకకు తన రోజులోంచి రెండు వాక్యాలు పైకి అనమనండి.

జర్మనీలో చదివే ఆలోచన ఉంటే జర్మన్ మంచిదే. లేకపోతే ఆరు నెలల కష్టం వదులుకుని, ముక్కలుగా విడిపోయే జర్మన్ క్రియల దగ్గర మళ్లీ నాకు ఇదే ప్రశ్న పంపుతారు.

నా అనుమానమల్లా 'ఆరు నెలల్లో స్పానిష్, వెంటనే ఉద్యోగం' అనే ప్రకటనల మీదే. భాష ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. అకౌంట్స్ బాగా తెలిసి, మెక్సికో క్లయింటుతో ఇన్వాయిస్‌లో తేడా గురించి ఫోన్లో మాట్లాడగలిగితే అప్పుడు విలువ. అందుకు కనీసం బీ2 స్థాయి, అంటే భాషా స్థాయుల ఆరు మెట్లలో నాలుగోది, కావాలి. వారానికి రెండు మూడు క్లాసులతో అది ఆరు నెలల్లో రాదు. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ సెర్వాంటెస్ నిర్వహించే డెలే అనే స్పానిష్ పరీక్ష సర్టిఫికెట్‌కు గడువు తీరడమంటూ లేదు. మరి తొందర ఎవరికి? అమ్మాయికి కాదు, మీకే. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు: రోజూ మీరు అప్పజెప్పించుకోవడం వల్లే ఆ పిల్లకు స్పానిష్ అంటే భయం పట్టుకుంటోంది. ఈరోజు నుంచే మానేయండి.

ఆదివారం మీకు నచ్చిన చీర కట్టుకుని, ఎలా ఉందో స్పానిష్‌లో చెప్పమని అడగండి.