రామేశ్వరం కూడా దీవే కదా, తల్లీ

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం. మా ఇల్లు తిరుపతిలో, బైరాగిపట్టెడ. నాన్న కొండ మీదికి ఆర్టీసీ బస్సు నడిపేవాడు. నాలుగేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఈమధ్యే ఆమెకు 60 నిండాయి. జన్మలో ఒక్కసారైనా సుఖపడాలని మాల్దీవుల్లో నీళ్ల మీద కట్టిన విల్లా నాలుగు రాత్రులకు బుక్ చేశాను. మొత్తం మూడున్నర లక్షలు, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టాను. ఈఎంఐ సంగతి అమ్మకు చెప్పలేదు.

అక్కడ ఆమె దేనికీ సంతోషపడలేదు. గదిలోకి అడుగుపెట్టగానే మంచం మీద టవళ్లతో చేసిన హంసలు, లవ్ సింబల్ ఆకారంలో పూలు ఉన్నాయి. నేను నవ్వాను, ఆమె మొహం తిప్పుకుంది. బయల్దేరే ముందురోజు రాత్రి సంచిలోంచి వెండి వెంకన్న విగ్రహం తీయించానని అలక. నీళ్ల సీసా ఎనిమిది డాలర్లని తెలిసి "ఏడొందలా? మూడు జాకెట్లు కుట్టాల" అని పదే పదే అదే మాట. రెండో రోజు సాయంత్రం సముద్రం చూస్తూ "అలలే లేవు, అచ్చం రామేశ్వరం మాదిరే ఉండాది, ఆ పొద్దు మీ నాయన..." అని మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ కలిసి వెళ్లిన ఒకే ఒక్క ఊరు అది, పెళ్లయిన ఆరేళ్లకు, నేను పుట్టకముందు. నాకు విసుగొచ్చి "ఇక్కడికొచ్చి కూడా అదేనా అమ్మా? నీకు ఏం చేసినా తృప్తి ఉండదు" అని అరిచాను. ఇక ఆమె నోరు విప్పలేదు. తిరిగొచ్చి నెలైంది. ఫోన్ చేస్తే "తిన్నావా? సరే, పెట్టేస్తా" అంతే. మామయ్యేమో ఆ డబ్బు నీ పెళ్లికి పనికొచ్చేదని దెప్పుతున్నాడు. నాన్న పోయిన పదమూడో రోజే డ్యూటీకి వెళ్లి ఇంటి కోసం కష్టపడుతున్నాను. తప్పంతా నాదేనా? చివరి రోజు తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ విల్లా మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉంది. వెనకనుంచి ఫోటో తీశాను. అది ఇంకా ఆమెకు చూపించలేదు.

జవాబు: తల్లీ, తప్పెవరిదని అడిగావు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు, నువ్వు ఉత్తరం చివర్లో రాసి వదిలేసిన ఆ ఫోటో గురించి మాట్లాడాలి.

మాల్దీవుల గడియారం మనకన్నా అరగంట వెనక నడుస్తుంది. తిరుపతిలో నాలుగింటికి లేచే అలవాటున్న మనిషికి అక్కడ మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. తెల్లారేదేమో ఆరు గంటల ప్రాంతంలో. అంటే మీ అమ్మ నాలుగు రోజులూ రెండున్నర గంటల పాటు చీకట్లో ఒంటరిగా మేలుకుని ఉంది. ఇంట్లో అయితే ఆ టైములో వాకిలి ఊడుస్తుంది, కళ్లాపి చల్లుతుంది, ముగ్గేస్తుంది, స్నానం చేసి దీపం పెడుతుంది, కాఫీ కలుపుకుంటుంది. ఆ తర్వాత మిషను ముందు కూర్చుంటుంది. ఆమె చేతులకు నలభై ఏళ్లుగా తెలిసిన పొద్దు అది. ఆ విల్లాలో ఊడ్చే వాకిలి లేదు, పెట్టే దీపం లేదు, లేపడానికి మనసొప్పక నిన్ను లేపలేదు. అందుకే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. చివరి రోజుకు ధైర్యం చేసి కాళ్లు నీళ్లలో పెట్టింది. ఏమీ ఆనందించలేదని నువ్వు రాశావు. ఆ ఫోటోలోని మనిషి సముద్రాన్ని తనకు చేతనైన పద్ధతిలో పలకరించింది. ఆ పలకరింపు నువ్వు నిద్రపోతున్న టైములో జరిగింది, అంతే.

ఇప్పుడు రామేశ్వరం సంగతి. నీ ఉత్తరమంతా నాకు అక్కడే ఆగిపోయింది.

మీ అమ్మ ఊరికే అనలేదు ఆ మాట. రామేశ్వరంలో అగ్నితీర్థం దగ్గర సముద్రం నిజంగానే అలల్లేకుండా చెరువులా ఉంటుంది. మాల్దీవుల్లో దీవి చుట్టూ ఉండే పగడపు దిబ్బ అలల్ని బయటే ఆపేస్తుంది కాబట్టి లోపల నీళ్లు కదలకుండా, మోకాలి లోతున కనిపిస్తాయి. నువ్వు ఆ నీళ్ల రంగు చూశావు. ఆమె ఆ నీళ్ల నిమ్మళం చూసింది, చూసి ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లింది. ఇంకో సంగతి కూడా నీకు తట్టినట్టు లేదు. రామేశ్వరం కూడా దీవే. పాంబన్ వంతెన దాటితే గానీ ఆ ఊరు రాదు. అమ్మను మొదటిసారి దీవికి తీసుకెళ్లిన మనిషివి నువ్వు కాదమ్మా. బస్సు నడిపి సంపాదించిన జీతంతో మీ నాన్న అంతకుముందే తీసుకెళ్లాడు.

పెళ్లయిన ఆరేళ్లకు వెళ్లారని, అప్పటికి నువ్వు పుట్టలేదని రాశావు. పిల్లల కోసం రామేశ్వరం వెళ్లి మొక్కుకునే ఆనవాయితీ మనవైపు ఎంత ఉందో నీకు తెలుసు. వాళ్లు అందుకే వెళ్లారో లేదో నేను చెప్పలేను, ఊహ మాత్రమే. కానీ "ఆ పొద్దు మీ నాయన..." అని ఆమె మొదలుపెట్టిన మాట ఎక్కడికి వెళ్లేదో నీకూ తెలియదు. ఆ కథలో నువ్వు కూడా ఉండి ఉండొచ్చు. ఆమె గొణిగిందనుకున్నావు నువ్వు. నాకేమో, ఆ నాలుగు రోజుల్లో ఆమె నీకు ఇవ్వబోయిన వస్తువు అదొక్కటే అనిపిస్తోంది. దాన్ని సగంలో ఆపేశావు. ఆమె మూగబోవడానికి కారణం నువ్వు అరవడం కాదనుకుంటాను. అరుపులు అమ్మలకు కొత్తేమీ కాదు. ఆయన పేరు ఎత్తగానే నువ్వు విసుక్కున్నావు. ఆయన గురించి మాట్లాడుకోవడానికి ఈ లోకంలో ఆమెకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?

ఆ మంచం సంగతి కూడా చెప్పాలి. ఇద్దరి పేర్ల మీద గది బుక్ అయితే చాలా రిసార్టుల్లో కొత్త జంట అన్నట్టే అలంకరించి పెడతారు. పనివాళ్ల తప్పేం లేదు. కానీ ఆమె వైపు నుంచి చూడు. నాలుగేళ్లుగా తలలో పూలు పెట్టుకోని మనిషి. ఇంట్లో మంచానికి ఒక పక్కన మాత్రమే పడుకునే అలవాటు ఇంకా పోయి ఉండదు. తలుపు తీయగానే ఇద్దరి కోసం వేసిన పెద్ద మంచం, దాని మీద పూలు. ఆమె మొహం తిప్పుకున్న ఆ అర నిమిషంలో నువ్వు వెళ్లి ఆ పూలు ఒక పళ్లెంలోకి తీసేసి ఉంటే బాగుండేది. నీకు తట్టలేదు, ఎందుకంటే నువ్వు ఆమె సంతోషం కోసం ఎదురుచూస్తూ ఆత్రంగా ఉన్నావు. నిన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తల్లిని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు బుకింగ్ అప్పుడే "మా అమ్మతో వస్తున్నాను, రెండు వేరు మంచాలు కావాలి, అలంకరణ వద్దు" అని ఒక్క మెయిల్ పెడితే చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. ఇంకెవరైనా ఇలాంటి ప్లాన్‌లో ఉంటే వాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

విగ్రహం విషయంలో మాత్రం నీ తప్పు లేదు. పూజ చేసుకునే విగ్రహాలు తమ దేశంలోకి తేవడం మాల్దీవుల కస్టమ్స్ నిషేధం. కాకపోతే ప్రయాణానికి ముందురోజు రాత్రి సర్దిన సంచిలోంచి తీయిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. వారం ముందే చెప్పి ఉంటే ఆమె ఆ వెండి వెంకన్నను పక్కింటావిడ చేతిలో పెట్టి, నాలుగు రోజులు దీపం పెట్టమని అప్పజెప్పి, మనసు కుదురుగా బయల్దేరేది.

ఇక డబ్బు. ఇక్కడ నేను పూర్తిగా మీ అమ్మ పక్షం. ఆమె డాలర్లను జాకెట్లలోకి మార్చి లెక్కేసిందని నీకు చిరాకు. కానీ ఆమె దగ్గరున్న కొలత అదే కదా. హుక్కులు కుట్టి, చేతులకు హెమ్మింగ్ చేసి, రాత్రి పదింటికి కళ్లు నులుముకుంటూ సంపాదించిన డబ్బుతో నిన్ను చదివించిన చేయి అది. ఏడొందల నీళ్లు ఆమె గొంతు దిగవు. పైగా అది అప్పు. ఈఎంఐ సంగతి ఆమెకు తెలియదని నువ్వు అనుకుంటున్నావు. నాకు అనుమానమే. నీళ్ల సీసా రేటు చూసిన మనిషి గది రేటు ఊహించుకోదా? తనకోసం కూతురు ఎంత అప్పులో మునిగిందో తెలియక ఆ నాలుగు రోజులూ ఆమెకు అన్నం సహించి ఉండదు. అసలు సంఖ్య చెప్పు. మూడున్నర లక్షలు, నెలకు ఇంత, ఫలానా నెలకు తీరిపోతుంది అని కాగితం మీద రాసి చూపించు. తిడుతుంది. తిట్టనీ. ఆ తిట్టుతో ఈ నెల రోజుల మౌనం కొంచెమైనా కదులుతుంది.

మామయ్య మాట పట్టించుకోకు. నీ జీతం, మీ అమ్మ ప్రయాణం. ఆయనకు మర్యాదగా "సరే మామయ్యా" అని ఊరుకో.

నీ గురించి కూడా ఒక మాట అడగనా? నాన్న పోయిన పదమూడో రోజే డ్యూటీకి వెళ్లానని ఎంతో గర్వంగా, కొంచెం ఎత్తిపొడుపుగా రాశావు. ఇల్లు గడవాలి కాబట్టి వెళ్లావు, ఒప్పుకుంటాను. కానీ ఈ నాలుగేళ్లలో నువ్వు ఎప్పుడు ఏడ్చావో ఉత్తరంలో ఎక్కడా లేదు. నాన్న పేరు వినగానే నీకు వచ్చింది విసుగు కాదేమోనని నా అనుమానం. విననిస్తే ఏడుపు వస్తుందని, దాన్ని తోసేయడానికి అరిచావేమో. అంత ఖరీదైన చోటికి వెళ్లింది కూడా అందుకేనేమో ఆలోచించు. తిరుపతిలో ఎటు చూసినా ఆయనే కనిపిస్తాడు. అలిపిరి వైపు వెళ్తే బస్సులు, ఇంట్లోకి వెళ్తే ఆయన వాచీ, చెప్పులు. ఆయన జాడే లేని చోటు వెతుక్కుని వెళ్లావు. ఆమె మాత్రం అక్కడికి కూడా ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. మీ ఇద్దరికీ గొడవ అక్కడ వచ్చింది తల్లీ.

అందుకని ఫోన్‌లో సారీ చెప్పకు. "సరే, పెట్టేస్తా" అనడం ఫోన్‌లో చాలా సులువు. ఒక శుక్రవారం రాత్రి బస్సెక్కి ఇంటికి వెళ్లు. చీర కొని తీసుకెళ్లకు, ఇంకో బహుమతి అసలే వద్దు. పొద్దున్నే నాలుగింటికి ఆమెతో పాటు లే. కళ్లాపికి నీళ్లు పట్టివ్వు. ఆమె మిషను ముందు కూర్చున్నాక పక్కన ముక్కాలి పీట వేసుకుని హుక్కులు కుట్టడానికి కూర్చో, చిన్నప్పుడు కూర్చున్నట్టు. మొహాలు ఎదురెదురుగా లేకుండా, చేతుల్లో పని ఉన్నప్పుడు ఆడవాళ్లం ఎన్నో చెప్పుకుంటాం. నా దగ్గరికి వచ్చే తల్లీకూతుళ్లలో చాలామంది కుర్చీల్లో కూర్చోబెడితే బిగుసుకుపోతారు. చేతిలో చిక్కుడుకాయలో, కరివేపాకో పెడితే మాట దానంతటదే వస్తుంది.

ఆ ఫోటో కాగితం మీద ప్రింట్ తీయించి తీసుకెళ్లు. ఫోన్‌లో చూపిస్తే కళ్లద్దాల కోసం వెతుక్కునే లోపే స్క్రీన్ ఆరిపోతుంది. ఏమీ వివరించకుండా మిషను పక్కన పెట్టు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. ఉన్న రెండు రోజుల్లో ఆమెను గమనించు. సరిగ్గా తింటోందా, రాత్రి నిద్ర పడుతోందా, కుట్టుపని వదిలేసి ఊరికే కూర్చుంటోందా, గుడికి, వీధిలోకి వెళ్లడం మానేసిందా చూడు. ఇవి వారాల తరబడి కనిపిస్తుంటే అది అలక కాదు, డాక్టరుకు చూపించాల్సిన దిగులు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబర్ నీకు కూడా అవసరం పడొచ్చు, మొహమాటపడకు.

మళ్లీ ప్రయాణం అంటావా? వెంటనే వద్దు. ఈఎంఐ తీరనీ. తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఆమెనే చెప్పనీ, బుకింగ్ అయ్యాక చెప్పే సర్‌ప్రైజులు ఇక వద్దు. మాల్దీవుల్లో రిసార్టు దీవి అంటే దీవి మొత్తానికి ఆ రిసార్టు ఒక్కటే. వీధి లేదు, కూరగాయల బండి లేదు, పలకరించే మనిషి లేడు. మీ అమ్మలాంటి వాళ్లకు మాఫుషిలా జనం కాపురముండే దీవిలో చిన్న గెస్ట్‌హౌస్ అయితే ఖర్చూ తక్కువ, వీధిలో నాలుగు ముఖాలూ కనిపిస్తాయి. సరే, ఆమె ఆ దేశం పేరే వద్దంటే వద్దు. రామేశ్వరం అంటే మాత్రం కాదనకు. తిరుపతి నుంచి నేరుగా రైలు ఉంది, పాంబన్ కొత్త వంతెన కూడా 2025 ఏప్రిల్‌లో తెరిచారు. కిటికీ పక్క సీటు ఆమెకివ్వు.

అంతదాకా ఆగక్కర్లేదు, ఈ శనివారం హుక్కులు కుడుతూ నువ్వే అడుగు. "అమ్మా, ఆ పొద్దు రామేశ్వరంలో నాయన ఏం చేశాడు? నేను విననియ్యలేదు కదా" అను. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు, మిషను తొక్కుతూనే ఉండొచ్చు. నువ్వు లేవకు. ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చో.