గోల్స్ లెక్కపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పారు. చెబుతుంటే ఆయన గొంతు వణికింది. నాకూ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ల వయసులో నువ్వు కొట్టిన బంతి పోస్టు పక్కనుంచి పోయిన ప్రతిసారీ గిరుక్కున నా వైపు తిరిగి చూసేవాడివి, గుర్తుందా? తిట్టు పడుతుందా పడదా అని. ఇకమీదట నువ్వు అలా తిరిగి చూస్తే నీకు కనిపించేది గ్యాలరీలో వేలమంది. ఆ సంగతి తలుచుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను స్ట్రైకర్‌గా, అంటే ముందు వరసలో గోల్స్ కొట్టే ఆటగాడిగా, పదకొండేళ్లు ఆడాను. ఆ తర్వాత ఇన్నేళ్లుగా మీలాంటి పిల్లలకు ఆ పనే నేర్పుతున్నాను. చివరికి నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఇది: గోల్ పడటం నీ చేతిలో లేదు. గోల్ పడే చోటికి చేరడం మాత్రం పూర్తిగా నీ చేతిలో ఉంది. అందుకని గోల్స్‌తో పాటు నువ్వు చేరిన సార్లు కూడా లెక్కపెట్టుకో. మైదానం అంచున ఆడే మన వింగర్ క్రాస్ వేసే (పక్క నుంచి గోల్ ముందుకి బంతి పంపే) స్థితికి ఎన్నిసార్లు వచ్చాడు, అప్పుడు నువ్వు ఎన్నిసార్లు ఉండాల్సిన చోట ఉన్నావు? మనవాళ్లు షాట్ కొట్టినప్పుడు తిరిగొచ్చే బంతి (రీబౌండ్) కోసం ఎన్నిసార్లు ముందుకు ఉరికావు? మ్యాచ్ అయిన మర్నాడు వీడియో చూసి ఈ రెండు అంకెలూ రాసుకో. పద్నాలుగు సార్లలో పన్నెండు సార్లు చేరి ఒక్క గోల్ కూడా కొట్టలేదా? బాగా ఆడావు, హాయిగా పడుకో. నాలుగే సార్లు చేరి ఒక గోల్ కొట్టావా? అందరూ భుజం తడతారు గానీ, నువ్వు మాత్రం ఆ పొగడ్తకి మోసపోకు.

చేరడం అంటే పరిగెత్తడం అనుకుంటారు చాలామంది కుర్రాళ్లు. డిఫెండర్‌కి ఉన్న పెద్ద చిక్కేమిటంటే, వాడు బంతినీ చూడాలి, నిన్నూ చూడాలి. రెండూ ఒకేసారి చూడలేడు. బంతి కోసం వాడి తల అటు తిరిగిన ఆ అర క్షణమే నీ సమయం. కాబట్టి వాడి ఎదురుగా నిలబడకు, వాడి భుజం వెనక ఉండు. ముందు రెండడుగులు ఫార్ పోస్ట్ (బంతికి దూరంగా ఉన్న గోల్ స్తంభం) వైపు వెయ్యి, నిజంగానే అటు వెళుతున్నట్టు. వాడు నీతో పాటు బరువు అటు మార్చగానే దగ్గరి స్తంభం, అదే నియర్ పోస్ట్‌కి తెగబడి కోసుకుపో. ముందే వెళ్లి నిలబడితే నిన్ను పట్టుకోవడం ఎవరికైనా తేలిక. కాస్త ఆలస్యంగా, పూర్తి వేగంతో వచ్చేవాడిని పట్టుకోవడమే కష్టం. నాకు ఈ ఆలస్యం విలువ తెలిసేసరికి ఇరవై ఆరేళ్లు వచ్చాయి. నీకు ఇప్పుడే తెలియాలని నా ఆశ.

జర్మన్ స్ట్రైకర్ గెర్డ్ ముల్లర్ పాత మ్యాచ్‌లు దొరికినంతవరకూ చూడు. పెద్ద పొడగరి ఏమీ కాదు. దూరం నుంచి మెరుపు షాట్లు కొట్టే రకమూ కాదు. జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లిగాలో 427 మ్యాచ్‌లలో 365 గోల్స్, పశ్చిమ జర్మనీకి 62 మ్యాచ్‌లలో 68. 1974 ప్రపంచకప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద ఆయన కొట్టిన విజయ గోల్ చూడు. బంతి ఆయన పరుగుకి కాస్త వెనకపడింది. ఆగి, వెనక్కి జరిగి, తిరుగుతూనే నేలబారుగా కొట్టాడు. అందులో బలం కంటే ఎక్కువగా కనిపించేది పాదాలు ఎంత తొందరగా సర్దుకున్నాయన్నదే. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఒక్క మనిషి కాయడానికి అది చాలా పెద్ద చోటు. బంతిని చింపేలా కొట్టక్కర్లేదు. దూరపు మూలకి నేలబారుగా వెళ్లే బంతిని కీపర్ ఆపినా, చాలాసార్లు అది మళ్లీ మైదానంలోకే వస్తుంది. అక్కడ మనవాడు ఉండొచ్చు.

ఇంకో చిన్న సంగతి. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (డిఫెండర్ల లైన్ దాటి ముందే నిలబడితే పడే తప్పు) లేదు. ఇది అందరికీ తెలుసు, అయినా త్రో ఇన్ సమయంలో డిఫెండర్ల లైన్ వెనక నిలబడే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది. ట్రైనింగ్‌లో అలవాటు చేసుకో.

ఇప్పుడు అసలు భయం గురించి. గోల్ రాని రోజులు వస్తాయి, ఎవరికైనా వస్తాయి. నార్వే స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ సొంత ఊరి క్లబ్ బ్రీన్ సీనియర్ జట్టుకి 16 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అది 2016. అదే కుర్రాడు 2019 అండర్-20 ప్రపంచకప్‌లో హోండురాస్ మీద ఒక్క మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ 2011 ఆగస్టులో లండన్ క్లబ్ టాటెన్‌హామ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడినప్పుడు పెనాల్టీ తీసుకున్నాడు, కీపర్ ఆపేశాడు. అప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు. ఆ రాత్రి అతను ఎలా పడుకున్నాడో నీలాంటి వాడే ఊహించుకోగలడు.

గోల్స్ రానప్పుడు స్ట్రైకర్ చేసే తప్పులు నాకు కంఠతా వచ్చు, అన్నీ చేశాను కాబట్టి. మొదట, వీలుకాని కోణాల నుంచి కొట్టడం మొదలుపెడతాం. తర్వాత బంతి తగిలితే చాలని మిడ్‌ఫీల్డ్ దాకా దిగిపోతాం, దాంతో గోల్ ముందున్న బాక్స్ ఖాళీ. మూడోది అన్నిటికన్నా చెడ్డది, బయటికి కనిపించదు: దాక్కోవడం. పరిగెడుతూనే ఉంటాం, కానీ పాస్ వచ్చే వీలు లేకుండా సరిగ్గా డిఫెండర్ నీడలో పరిగెడతాం. బంతి రాకపోతే గోల్ తప్పే అవకాశమూ ఉండదు కదా! నాకు ఏడు మ్యాచ్‌లు వరసగా గోల్ పడనప్పుడు నేను చేసింది ఇదే. కోచ్‌కీ తెలియలేదు, పేపర్లకీ తెలియలేదు. మా జట్టులో వయసులో పెద్దవాడైన ఒక మిడ్‌ఫీల్డర్ మాత్రం బూట్లు విప్పుకుంటూ మెల్లగా అన్నాడు: "నీ కోసం తల ఎత్తి చూస్తున్నానురా, నువ్వు కనిపించట్లేదు." ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తర్వాతి మ్యాచ్‌లో కూడా గోల్ పడలేదు, రెండు సులువైన అవకాశాలు పోగొట్టాను. అయినా ఆయన నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. అవకాశం పోగొట్టినందుకు నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అనను, బాబూ. దాక్కుంటే మాత్రం తప్పకుండా ఫోన్ చేస్తాను.

ఇక ఒంటి ఆరోగ్యం మాట. ఇరవై ఏళ్లప్పుడు నాకు తొడ వెనక కండరం రెండు రోజులుగా లాగుతూ ఉంది. మా సీనియర్ స్ట్రైకర్ మీద ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడింది, నాకు అవకాశం వచ్చింది. ఫిజియో అడిగితే "ఏం లేదు" అన్నాను. అరగంట ఆడానో లేదో, వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టు అయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నాలుగు నెలలు పోయాయి. ఆ నాలుగు నెలల్లో నా చోటులోకి ఇంకొకడు వచ్చాడు, వాడు బాగా ఆడాడు కూడా. ఇంగ్లండ్ స్ట్రైకర్ మైకేల్ ఓవెన్‌కి 1999 ఏప్రిల్‌లో, పంతొమ్మిదేళ్ల వయసులో అదే తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్, దెబ్బ తింది. 2001లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ గెలిచేంత ఎత్తుకి వెళ్లాడు, అయినా ఆ గాయం తర్వాత తన ఒళ్లు మునుపటిలా లేదని ఆయనే చెప్పుకున్నాడు. మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే మెల్లగా ముందుకి వాలే నార్డిక్ వ్యాయామం ఉంది చూడు, నువ్వు విసుక్కునేవాడివి. క్రమం తప్పకుండా చేసిన జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గాయని పరిశోధనలు తేల్చాయి. విసుక్కుంటూనే చెయ్యి, కానీ మానకు. నొప్పి ఉంటే అదే రోజు ఫిజియోకి చెప్పు. ఒక మ్యాచ్ పోతుంది, అంతే.

బెంచ్ మీద కూర్చోబెడితే మొహం ముడుచుకోకు. నువ్వు ఎదుర్కోబోయే గోల్ ముందు నడుమ కాసే ఇద్దరు డిఫెండర్లనీ (సెంటర్ బ్యాక్‌లనీ) డెబ్బై నిమిషాలు ఉచితంగా చదువుకునే అవకాశం అది. ఎవడు ఎడమ వైపు తిరగడానికి తడబడుతున్నాడు, ఎవడికి ఎల్లో కార్డ్ ఉంది, ఎవడు చేతులు నడుము మీద పెట్టుకుంటున్నాడు? దిగిన మొదటి నిమిషంలోనే ఆ అలసినవాడి మీదికి వెళ్లు.

ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక క్లబ్ నిన్ను చిన్న డివిజన్ జట్టుకి లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, పంపుతామనొచ్చు. వెళ్లు. వెళ్లే ముందు ఆ జట్టు ఎలా ఆడుతుందో, ఆ కోచ్ నిన్ను నిజంగా అడిగాడో లేదో మాత్రం కనుక్కో. కేన్ లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్ అని నాలుగు చోట్లకి లోన్ మీద తిరిగాడు. లెస్టర్‌లో బెంచ్ మీద కూడా కూర్చున్నాడు. ఆ తర్వాతే 2014-15 ప్రీమియర్ లీగ్ సీజన్లో 21 గోల్స్. అకాడమీ మ్యాచ్‌లో ఓడితే కోచ్ కోప్పడతాడు. చిన్న డివిజన్‌లో ఓడితే పక్కవాడి ఇంటి అద్దెకి కొరత పడుతుంది, గెలుపు బోనస్ మీద బతికే వాళ్లు ఉంటారు అక్కడ. వాళ్ల మధ్య ఒక సీజన్ ఆడితే ప్రతి బంతినీ నువ్వు చూసే తీరు మారిపోతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాడి కాంట్రాక్ట్ మూడేళ్లు దాటకూడదు. ఏజెంట్‌కి ఫిఫా లైసెన్స్ ఉందో లేదో చూడు. ఆయనతో నీ ఒప్పందం రెండేళ్లు మించకూడదు. పొడిగించే హక్కు క్లబ్‌కి మాత్రమే ఉందా, గాయమైతే జీతం సంగతేమిటి, ఈ రెండూ నువ్వే చదువు. నేను నా మొదటి కాంట్రాక్ట్ చదవకుండానే సంతకం పెట్టి, రెండేళ్లు కదలలేకపోయాను. జలుబు మాత్ర అయినా సరే, టీమ్ డాక్టర్‌కి చూపించకుండా వేసుకోకు. డోపింగ్ పరీక్షలో ఏదైనా బయటపడితే, నీ ఒంట్లోకి అది ఎలా వచ్చిందో నువ్వే జవాబు చెప్పుకోవాలి.

బెట్టింగ్ జోలికి అస్సలు పోకు. సరదాకి కూడా వద్దు, స్నేహితుడి ఫోన్ నుంచి కూడా వద్దు. ఐవన్ టోనీ ఎన్నో లోన్లు తిరిగి, కింద నుంచి కష్టపడి పైకి వచ్చిన స్ట్రైకర్. బెట్టింగ్ నిబంధనల ఉల్లంఘనలు 232 తేలడంతో 2023లో ఎనిమిది నెలలు ఆటకి దూరమయ్యాడు. తిరిగి వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, సంతోషం. కానీ మంచి వయసులో ఎనిమిది నెలలు!

మ్యాచ్ అయ్యాక ఫోన్ ముట్టుకోకుండా ముందు అమ్మతో మాట్లాడు. ఆవిడ స్కోర్ అడగదు, తిన్నావా అని అడుగుతుంది. ఆ టెన్షన్‌లో నీకు కావాల్సిన ప్రశ్న అదే.

ఈ ఉత్తరంతో పాటు గీతలున్న చిన్న నోట్‌బుక్ పంపుతున్నాను. మొదటి పేజీలో నా చేత్తో రెండు గళ్లు గీశాను: 'అవకాశం వచ్చిన సార్లు', 'చేరిన సార్లు'. మూడో గడి కావాలని గీయలేదు. మొదటి మ్యాచ్ మర్నాడు ఆ పేజీ నింపి ఫోటో తీసి పంపు. ఆదివారం పొద్దున్న ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
మీ మాస్టారు