అమ్మాయిని అండమాన్‌కు వాలంటీర్ టీచర్‌గా పంపమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. మా అమ్మాయి బీఈడీ పూర్తి చేసింది. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున లిటిల్ అండమాన్‌లో ఏడాది పాటు పిల్లలకు చదువు చెబుతానంటోంది. జీతం లేదు, గది, భోజనం ఇస్తారట. ఆడపిల్ల ఒక్కతే అంత దూరంలో సర్దుకోగలదా? డీఎస్సీకి దెబ్బ కాదా? – ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ ఉద్దానానికి అండమాన్ కొత్తేమీ కాదు. మీ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి పనులకు వెళ్లి స్థిరపడ్డాయి. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, తెలిసిన వాళ్లెవరున్నారో ముందు ఊళ్లో వాకబు చేయండి. జ్వరమొచ్చినా, ఓడ ఆగిపోయినా తలుపు తట్టడానికి ఆమెకో ఇల్లుండాలి.

డీఎస్సీ సంగతి సూటిగా చెబుతాను. ఈ అనుభవానికి అందులో మార్కులు కలవవు. లెక్కకొచ్చేది రాత పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం. అందుకే టెట్ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాకే బయలుదేరమనండి. ఆ అర్హత జీవితకాలం చెల్లుతుంది.

ఇక సర్దుకోవడం. అసలు పరీక్ష వానాకాలమే. రెండు రుతుపవనాలూ తగిలే చోటు కాబట్టి మే నుంచి డిసెంబరు దాకా ముసురే. బట్టలు ఆరవు, పుస్తకాలకు బూజు పడుతుంది, సముద్రం పోటెత్తితే లిటిల్ అండమాన్ రేవైన హట్‌ బేకు ఓడలు రావు. పైగా మన గడియారమే నడిచినా, తూర్పున ఉండడం వల్ల చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. ఇంటి మీద బెంగ ఎక్కువయ్యేది ఆ వేళకే. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోను కష్టం తగ్గింది. అయినా రోజూ వీడియో కాల్ కోసం ఎదురుచూడకండి. సాయంత్రాలు ఆమె డీఎస్సీ పుస్తకంతోనో, పక్కింటి వాళ్లతోనో గడిపితేనే అక్కడ కుదురుకుంటుంది. వీలైతే జనవరిలో చేరమనండి. వానలు మొదలయ్యేలోపు మనుషులు అలవాటవుతారు.

తరగతిలో మొదటి ఇబ్బంది భాష. అక్కడ స్థిరపడిన బెంగాలీ కుటుంబాలున్నాయి, నికోబారీలున్నారు. పిల్లల ఇంటి భాష ఒకటి, ఆటల్లో హిందీ, చేతిలో ఇంగ్లిష్ పుస్తకం. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. అప్పుడు ఆమె పాఠం ముందుకు జరపకూడదు. ఒక పిల్లాడిని లేపి, అదే లెక్కను వాడి భాషలో పక్కవాడికి చెప్పమనాలి. వాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. "వంద కొబ్బరికాయల్లో పన్నెండు కుళ్లిపోతే ఎన్ని మిగిలాయి?" అని అడిగితే వెనక బెంచీ కూడా కదులుతుంది. ఉద్దానం పిల్లకు కొబ్బరి గురించి ఒకరు నేర్పక్కర్లేదు! ఇప్పటి నుంచే మాట్లాడే హిందీ మీద పట్టు పెంచుకోమనండి. వెళ్లిన మొదటి మూడు నెలలు బడిని మార్చేయాలనే తొందర వద్దు. అక్కడి టీచర్లు ఎందుకలా చేస్తున్నారో ముందు చూడాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. వాగుల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి, స్థానికులను అడగకుండా నీళ్లలో దిగకూడదు. ఓంగీ తెగవారి రిజర్వు ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1956 నాటి రక్షణ చట్టం ప్రకారం నేరం, ఫోటోల సరదా కూడా వద్దు. 2004 సునామీ ఆ దీవిని గట్టిగా దెబ్బతీసింది. భూమి కంపిస్తే ఎత్తైన చోటు ఎటుందో మొదటి రోజే కనుక్కోవాలి.

మీరు సంస్థను రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి: గదిలో తోడెవరు, జబ్బు చేస్తే పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకెళ్లే బాధ్యత ఎవరిది, మధ్యలో వచ్చేయాల్సి వస్తే తిరుగు ఛార్జీ ఎవరిస్తారు, ఇంతకుముందు పనిచేసిన అమ్మాయిలతో మాట్లాడిస్తారా. సరైన జవాబులొస్తే నిశ్చింతగా పంపండి. కాగితం మీద పెట్టడానికి వాళ్లు వెనకాడితే మాత్రం టికెట్ తీయకండి.