చక్రాల సామిల్లు కొంటానంటున్న అబ్బాయి గురించి

అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళనంటున్నాడు, బండి వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళే సామిల్లు వీడియోలు చూసి జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఊరూరా తిరిగి దుంగలు కోస్తానంటున్నాడు, అందుకు మీరు పొలం తాకట్టు పెట్టాలి. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఇదే కదండీ. టెన్షన్ పడకండి, ఆలోచన మరీ పిచ్చిదేం కాదు. కాకపోతే వాడు మొదట యంత్రాన్ని చూస్తున్నాడు, చివర చూడాల్సింది అది.

ముందు అటవీ శాఖ అధికారి డీఎఫ్‌వో ఆఫీసుకు వెళ్ళమనండి. చక్రాలున్నాయి కాబట్టి లైసెన్సు అక్కర్లేదని అమ్మేవాడు చెప్తే నమ్మొద్దు. 1996లో, అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక సామిల్లుల మీద పట్టు బాగా బిగిసింది, 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కొత్త మిల్లుకు రాష్ట్ర స్థాయి కమిటీ ఒప్పుకోవాలి, అడవి సరిహద్దు ఎంత దూరమో చూస్తారు. మీదేమో ఏజెన్సీ అంచు. ఊరూరా తిరిగి కోయడానికి వీలుందో లేదో కాగితం మీద రాయించుకోకుండా రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

తర్వాత దుంగలు. మీ వైపు జామాయిల్, సుబాబుల్ చాలావరకు పేపరు మిల్లులకే పోతాయి. కోతకు మిగిలేది గట్ల మీది టేకు, వేప, మామిడి, తుమ్మ. పట్టా భూమిలో టేకైనా కొట్టాలన్నా తరలించాలన్నా అనుమతి కావాలి. ఇంటి ముందు వేపచెట్టులో ఎన్నికలకొకటి చొప్పున ఎన్ని ఫ్లెక్సీ మేకులు దిగి ఉంటాయో మీకు తెలిసిందే, ఒక్కటి తగిలినా ఆ బ్లేడు పని అయిపోతుంది.

ఇక యంత్రం. వాడు చూపిస్తున్న వుడ్‌మైజర్ అమెరికాలో 1982లో మొదలైన కంపెనీ, ఆ రకం మిల్లులో కోసేది గుండ్రంగా తిరిగే పట్టీలాంటి బ్యాండ్ బ్లేడు, అది సన్నం, ఒక్కో కోతకు పొట్టుగా పోయేది సుమారు 2 మిల్లీమీటర్లు. గుండ్రటి రంపంతో 5 పోతుందనుకోండి, పది కోతలకు 30 మిల్లీమీటర్ల తేడా, అంటే అంగుళం పలక ఒకటి ఊరికే మిగిలినట్టు. ఇది నిజమైన లాభమే, కానీ మన టౌన్లలో ట్రాలీ మీద దుంగ నడిపే పెద్ద బ్యాండ్ మిల్లులతో పోలిస్తే తేడా అంత ఉండదు, అమ్మేవాళ్ళు ఈ మాట ఎత్తరు. పైగా ఆ సన్న బ్లేడు గంటా రెండు గంటల కోతకే పదును పోగొట్టుకుంటుంది. మొద్దుబారితే పలక అలలు అలలుగా వస్తుంది, రైతు కోత కూలి ఇవ్వడు. అందుకే ధర అడిగే ముందు సాన ఎవరు పెడతారు, పళ్ళు ఎవరు సెట్ చేస్తారు, విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడగమనండి. దుంగ ఎత్తడానికి హైడ్రాలిక్ లేని చవక మోడల్ తీసుకుంటే రోజూ ఇద్దరు కూలీల ఖర్చు దాని మీద పడుతుంది.

చదువు సంగతంటారా, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చిన్న శిక్షణలు ఉంటాయి, పంపండి. అంతకంటే ముందు రాజమండ్రిలోనో ఏలూరులోనో ఏదో ఒక సామిల్లులో ఆర్నెల్లు పనికి పెట్టండి, జీతం ఇవ్వకపోయినా సరే, సాన పెట్టే మేస్త్రీ పక్కన. డిప్లొమా చదివినవాడు ఆకురాయి పట్టుకోవడానికి నామోషీ పడితే తాకట్టు మాట అక్కడితో ఆపేయండి, పడకపోతే ఆర్నెల్ల తర్వాత లైసెన్సు కాగితాలు పట్టుకుని ఇద్దరూ రండి, లోను లెక్క అప్పుడు వేద్దాం.