బటన్ మీద ‘సంప్రదించు’ అనవచ్చునా?

సందేహం: హైదరాబాదు ఛత్తా బజారులో మాకు పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఉంది. ఇప్పుడు వెబ్‌సైటు చేయిస్తున్నాము. బటన్ల మీద డిజైనరు ‘సంప్రదించు’, ‘సమర్పించు’ అని పెట్టారు. అమర్యాదగా ఉన్నదని, ‘సంప్రదించగలరు’ అని మార్చాలని మా నాన్నగారు అంటున్నారు. ఏది సరి? ‘ఆర్డర్’ అన్న మాట ఉంచవచ్చునా?

సమాధానం: ఈ రూపాలలో వ్యాకరణ దోషం ఏదీ లేదు. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారన్నదే చూడవలసిన విషయం. ఫోనులో ‘సేవ్ చేయి’, ‘రద్దు చేయి’ అని కనిపించినప్పుడు ఆజ్ఞాపించేది వాడుకరి, వినేది యంత్రం కనుక అక్కడ ఏకవచనం ఎవరినీ నొప్పించదు. మీ బటన్ విషయం వేరు. అది దుకాణం గడపలో నిలబడి వచ్చిన వారిని లోపలికి పిలిచే మాట వంటిది కాబట్టి, ‘సంప్రదించండి’ అన్న బహువచన విధ్యర్థకమే తగినది. ఒక బటన్ మీద ‘చూడండి’ అని, పక్క దానిమీద ‘పంపు’ అని ఉండడం మాత్రం ఏకవచనం కంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒక పద్ధతి ఎంచుకుని సైటంతటా దానినే పాటించండి.

మీ నాన్నగారి ‘గలరు’ ప్రకటనలలో, ఆహ్వానాలలో స్థిరపడిన వినయ రూపమే. దానిని నేను తప్పుపట్టను. అయితే ‘గల’కు సామర్థ్యార్థం ఉన్నందువల్ల, ‘నమూనాలు చూడగలరు’ అని చదివినవారు అది కోరికో, నమూనాలు అందుబాటులో ఉన్నాయన్న సమాచారమో వెంటనే తేల్చుకోలేరు. వాక్యం మధ్యలోనైతే సందర్భం సాయం చేస్తుంది. ఒంటరిగా నిలబడే బటన్‌కు ఆ సాయం ఉండదు. ‘దయచేసి’ కూడా అనవసరం, ‘అండి’లోనే ఆ మన్నన ఉంది.

‘సమర్పించు’ మనకు దేవుడికో పెద్దలకో ఏదైనా ఇచ్చేటప్పటి మాట. పత్రిక ధర తెలుసుకోవడానికి వివరాలు నింపినవారు చేసేది సమర్పణ కాదు. బటన్ నొక్కితే ఏమి జరుగుతుందో అదే రాయాలి: ‘వివరాలు పంపండి’, ‘ధర అడగండి’. ‘ఇక్కడ నొక్కండి’ కూడా ఇందువల్లనే పనికిరాదు. తెరపాఠ్యాన్ని చదివి వినిపించే సాధనంతో లింకులను వరుసగా వినే చూపులేని వారికి అది ఏ దారీ చూపదు.

మీ డిజైనరుకు తప్పక చెప్పవలసింది మరొకటి ఉంది. తెలుగులో సాధారణంగా క్రియ చివర వస్తుంది. ‘పెళ్ళిపత్రికల కొత్త నమూనాలు చూడండి’ అన్న బటన్ చిన్న ఫోనులో ఇమడక చివర తెగిపోతే, పోయేది అసలు పని చెప్పే ‘చూడండి’యే. అందువల్ల రెండు మూడు మాటలకు మించవద్దు: ‘నమూనాలు చూడండి’ చాలు, ఏ నమూనాలో పైనున్న శీర్షిక చెబుతుంది. అలాగే ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి చేసిన బటన్‌లో ‘పత్రిక’లోని రకారపు వత్తు, ‘చెల్లించండి’లోని లకారపు వత్తు అంచుకు తగిలి నలిగిపోతాయి; పైనా కిందా మరికొంత చోటు వదలమనండి. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, వైకల్యం ఉన్నవారు కూడా వెబ్‌సైట్లు వాడగలిగేలా 2023లో వెలువరించిన సౌలభ్య మార్గదర్శకాల 2.2 రూపం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, 24 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలంటుంది. కొన్ని మినహాయింపులున్నా, వేలితో నొక్కేవారికి అంతకంటే పెద్దదే మేలు. మామూలు పరిమాణపు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం కూడా అవే మార్గదర్శకాలు అడుగుతాయి. పెళ్ళిపత్రికలలో ఇంపుగా కనిపించే పసుపు మీది తెల్లని అక్షరాలు తెరమీద ఈ లెక్కకు నిలవవు.

ఇక ‘ఆర్డర్’ నిస్సందేహంగా ఉంచండి. ‘ఆర్డర్ ఇవ్వండి’ అనేది అందరి నోటా ఉన్న మాటే. ప్రూఫు చూసి సరేనన్న తరువాతి బటన్‌కు మాత్రం మీ వృత్తిలోని మాటే అందంగా ఉంటుంది: ‘అచ్చుకు ఇవ్వండి’. దానికి పైన చిన్న అక్షరాలతో ‘అచ్చయిన తరువాత మార్పులు కుదరవు’ అని ఒక పంక్తి చేర్చి, పక్కనే ‘ప్రూఫు మళ్ళీ చూడండి’ అన్న రెండవ బటన్‌ను రంగు నింపకుండా చుట్టూ గీతతో పెట్టించండి.